గ్లేజు డబ్బాలో కొనాలా, ముడిసరుకు తెచ్చి కలుపుకోవాలా: ఏది మేలు?

కుండల పనికి సరుకులు అమ్మే చిన్న కొట్లు చాలావరకు ఒక కుటుంబం చేతిలోనే నడుస్తుంటాయి. వాటి నుంచి వచ్చే కబుర్లు రెండే రకాలు. ఒకటి, కొత్త రంగులు వచ్చాయి, కొత్త మట్టి వచ్చింది. రెండు, ఫలానా ఫెల్డ్‌స్పార్ (గ్లేజులో వాడే ఒక రాతిపొడి) ఇక రాదు, గని మూసేశారు, దాని బదులు ఇది వాడి చూడండి. మొదటి రకం చదివి సంబరపడతాం, రెండో రకం చదవకుండా వదిలేస్తాం. గ్లేజు ఎలా కొనాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆ రెండో కబురులోనే ఉంటుంది.

కొనడానికి మూడు దారులున్నాయి. కుంచెతో పూసేలా తయారుగా ఉన్న డబ్బా ఒకటి. ఎవరో తూచి కలిపిన పొడి సంచి తెచ్చుకుని, నీళ్లు పోసి, కుండను అందులో ముంచి తీయడం రెండోది. సిలికా, ఫెల్డ్‌స్పార్, సుద్ద, చైనా క్లే (తెల్లమట్టి) వంటివి విడివిడిగా కొని మనమే తూచి కలుపుకోవడం మూడోది. చాలామంది మొదటిదానికీ మూడోదానికీ మధ్యే వాదించుకుంటారు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, పాపం.

ముందు గ్లేజంటే ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే తర్వాతి మాటలు తేలికవుతాయి. అది కుండ మీద కరిగి అంటుకుపోయిన గాజు. గాజుకు మూలం సిలికా. ఒంటరిగా ఉంటే అది 1700 డిగ్రీలు దాటితే గాని కరగదు. కాల్పు వేడిని కోన్లలో చెబుతారు; కోన్ అంటే తగినంత వేడి తగిలితే వంగిపోయే చిన్న శంకువు. స్టూడియోల్లో ఎక్కువగా వాడే కోన్ 6 కాల్పు దాదాపు 1220 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అందుకని సిలికాను ఆ వేడికే కరిగించడానికి సోడియం, పొటాషియం, కాల్షియం, బోరాన్ లాంటివి తోడు కావాలి. కరిగింది కుండ మీంచి జారిపోకుండా నిలబెట్టడానికి మట్టిలో ఉండే అల్యూమినా కావాలి. ఎవరి డబ్బాలోనైనా, ఎవరి బకెట్లోనైనా ఉండేది ఇంతే. తేడా అల్లా ఏది ఎంత ఉందో మనకు తెలుసా లేదా అన్నదే.

డబ్బా గ్లేజు సంగతి

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. డబ్బా గ్లేజులో సీఎంసీ అనే జిగురు కలుపుతారు. దానివల్ల పూత నెమ్మదిగా ఆరుతుంది, కుంచె ఒరుసుకోకుండా జారుతుంది. ఒక పూత ఆరాక మరొకటి, సాధారణంగా మూడు పూతలు. చిన్న గిన్నె, మూత, బొమ్మ, పలక అంచు వంటి పనులకు ఇంతకంటే సుళువైన పద్ధతి లేదు. పది రంగులు కావాలంటే పది చిన్న డబ్బాలు అలమరలో పెట్టుకోవచ్చు. అదే ముంచే పద్ధతిలో అయితే పది బకెట్లు గదంతా ఆక్రమిస్తాయి.

ఇంకో మాట. కొన్ని రంగులను సొంతంగా రాబట్టడం తలనొప్పి. కణకణలాడే ఎరుపు, నారింజ రంగులకు కాడ్మియం, సెలీనియం ఉన్న రంగుపొడులను జిర్కాన్ అనే ఖనిజపు పొరలో బంధించి వాడతారు. అవి ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు. ఎలాగూ ఆ పొడి కొనాల్సిందే కాబట్టి, దాన్ని సరిగ్గా ఇముడ్చుకునే గ్లేజుతో కలిపి డబ్బాలో వస్తుంటే కొనుక్కోవడమే తెలివి. ఒకదాని మీద ఒకటి పూస్తే ఎలా వస్తుందో తయారీదారులు ఫొటోలు కూడా ఇస్తారు. అవి చూసి మీ కుండ కూడా అచ్చం అలాగే వస్తుందనుకోకండి. వాళ్ల మట్టి వేరు, వాళ్ల బట్టీ చల్లారే వేగం వేరు.

ఖర్చు దగ్గరికి వస్తే డబ్బా ఓడిపోతుంది. కిలో పొడిలో సుమారు 900 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 1.3 లీటర్ల గ్లేజు వస్తుంది. ఆ చిక్కదనమే ఉందనుకుంటే, పింట్ డబ్బాలో, అంటే 473 మిల్లీలీటర్లలో, అసలు పదార్థం 360 గ్రాముల చుట్టూ ఉంటుంది. మిగతాది నీళ్లు. ఆ నీళ్లకీ, డబ్బాకీ, వాటి రవాణాకీ కూడా మనమే డబ్బు కడుతున్నాం. బొమ్మకి పూసినప్పుడు ఇది పట్టించుకోనక్కర్లేదు. కంచాల వరుస పూసేటప్పుడు మాత్రం డబ్బాలు కళ్లముందే ఖాళీ అవుతాయి.

అయితే నా దృష్టిలో డబ్బాకున్న అసలు లోపం ఖర్చు కాదు. మీ మట్టి మీద ఆ గ్లేజు సన్నటి బీటలు వేసిందనుకోండి. కాల్పు తర్వాత చల్లారేటప్పుడు మట్టి కంటే గ్లేజు ఎక్కువ కుంచించుకుపోతే ఆ వెంట్రుకవాసి బీటల వల ఏర్పడుతుంది. కొన్ని వెంటనే కనిపిస్తాయి, కొన్ని వారాల తర్వాత టింగుమంటూ మొదలవుతాయి. లోపల ఏముందో తెలియని గ్లేజును ఎలా సరిచేస్తారు? చెయ్యలేరు. మట్టి మార్చాలి, లేదా గ్లేజు మార్చాలి. తయారీదారు సూత్రం మార్చినా మనకు తెలిసేది కుండ బట్టీలోంచి బయటికొచ్చాకే.

ముడిసరుకు కలుపుకుంటే

దీనికి కావలసిన సామాను తక్కువే. గ్రాములో పదో వంతు చూపే తూకం, 80 మెష్ జల్లెడ (అంగుళానికి 80 రంధ్రాలుండేది), మూతలున్న బకెట్లు, సన్నని ధూళిని ఆపే మాస్కు. చాలా పేరున్న పాత పాళ్లు ఒకటి చెబుతాను: ఫెల్డ్‌స్పార్ 40, సిలికా 30, సుద్ద 20, చైనా క్లే 10. పెద్ద కాల్పుకు, అంటే కోన్ 8 నుంచి 10 దాకా, ఇది నిగనిగలాడే పారదర్శక గ్లేజు. కోన్ 6కి రావాలంటే బోరాన్ ఉన్న ఫ్రిట్ ఏదైనా చేర్చాలి. ఫ్రిట్ అంటే ముందే కరిగించి, చల్లార్చి, పొడి చేసిన గాజు.

ఈ ఒక్క మూలం చేతిలో ఉంటే చాలు, రంగులు దానిమీదే పుడతాయి. ఐరన్ ఆక్సైడ్ రెండు శాతం వేస్తే లేత తేనె రంగు, ఎనిమిది పది శాతానికి వెళ్తే ముదురు గోధుమ నుంచి నలుపు. కోబాల్ట్ ఒక్క శాతంతోనే చిక్కటి నీలం. కాపర్ మూడు నాలుగు శాతం ఉంటే ఆకుపచ్చ. తెల్లగా కావాలంటే తగరం ఆక్సైడో జిర్కోనియం సిలికేటో పది శాతం దరిదాపుల్లో. బట్టీలో గాలి తగ్గించి కాలిస్తే అవే ఐరన్, కాపర్‌లు లేత ఆకుపచ్చ సెలడాన్‌గానూ రాగి ఎరుపుగానూ మారిపోతాయి. అయితే ఆ వేషం మామూలు కరెంటు బట్టీలో చూడలేం.

ఇందాకటి బీటల సమస్యే తీసుకోండి. గ్లేజు ఎక్కువ కుంచించుకోవడానికి మామూలుగా సోడియం, పొటాషియం ఎక్కువ కావడమే కారణం. కాస్త సిలికా పెంచితే చాలాసార్లు సర్దుకుంటుంది. వంద గ్రాముల గ్లేజుకు ఐదేసి గ్రాముల చొప్పున చేరుస్తూ మూడు నాలుగు పరీక్ష పలకలు కాల్చి చూస్తే జవాబు దొరుకుతుంది. మరీ ఎక్కువైతే కరగడం తగ్గి మసకబారుతుంది, అది కూడా పలక మీదే తెలిసిపోతుంది. డబ్బా వాడేవాళ్లకు లేనిది ఈ అవకాశమే.

ఇక కొట్టు నుంచి వచ్చే రెండో రకం కబురు. అమెరికాలో 19వ శతాబ్దపు జాడీల లోపల కనిపించే గోధుమరంగు పూత ఆల్బనీ స్లిప్ అనే సహజమైన మట్టి. దానికదే కరిగి గ్లేజు అయ్యేది. 1980ల్లో దాని తవ్వకం ఆగిపోయింది. ఇంకా పెద్ద దెబ్బ గెర్‌స్ట్లీ బోరేట్. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ప్రాంతంలో దొరికే ఈ బోరాన్ ఖనిజం మీద ఎన్నో స్టూడియోల గ్లేజులు ఆధారపడి ఉండేవి. 2000 ప్రాంతంలో దాని తవ్వకం కూడా ముగిసింది, మిగిలిన నిల్వలే తర్వాత అమ్ముడయ్యాయి. బ్యాటరీల గిరాకీ వల్ల 2017, 2018ల్లో కోబాల్ట్ ధర, 2021, 2022ల్లో గ్లేజును కరిగించడానికి వాడే లిథియం ధర ఎగబాకాయి. బోరేట్‌కి బదులు ఫెర్రో 3134 లాంటి ఫ్రిట్, కొత్తగా కలిపిన బోరేట్ మిశ్రమాలు కొట్లలోకి వచ్చాయి.

ఇలాంటప్పుడు పాళ్లు తెలిసినవాడు ఏం చేస్తాడు? పోయిన పదార్థం ఎన్ని పాళ్ల బోరాన్, ఎంత కాల్షియం, ఎంత సోడియం ఇచ్చేదో లెక్కగట్టి, అవే ఇచ్చేలా వేరే పదార్థాలు ఎంచుకుంటాడు. ఈ లెక్కకు దారి చూపినవాడు హెర్మన్ సేగర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1886లో కోన్లను తీసుకొచ్చింది కూడా ఆయనే. ఇప్పుడు ఆ లెక్క చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి కాబట్టి గణితానికి భయపడనక్కర్లేదు. డబ్బా వాడేవాడికి అదే కబురు ఎలా చేరుతుంది? "ఈ రంగు ఇక రాదు" అని. అక్కడితో ఆ రంగు కథ ముగిసినట్టే.

ఇంతవరకు చదివి వెంటనే తూకం కొనడానికి బయలుదేరకండి. సొంతంగా కలపడంలో ప్రమాదమూ ఉంది, అది చిన్నదేం కాదు. సిలికా సన్నని ధూళి గంటల తరబడి గాలిలో తేలుతుంది. ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. మాస్కు లేకుండా పొడి కదిలించకూడదు. చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతోనే తుడవాలి. బేరియం కార్బొనేట్ ఎలుకల మందుగా వాడిన పదార్థం. మాంగనీస్ పొగ నరాలను దెబ్బతీస్తుంది. పసిపిల్లలు తిరిగే ఇంట్లో, వంటగది మూలన ఈ పని పెట్టుకోవాలనుకుంటే నా సలహా ఒక్కటే: వద్దు. డబ్బాలు కొనుక్కోండి, ఖర్చైతే కానివ్వండి.

పొడి సంచి

ఇది మధ్యేమార్గం. సూత్రం మన చేతిలో ఉండదు గానీ నీళ్లకు డబ్బు కట్టే బాధ తప్పుతుంది. పొడిగా ఉంచితే ఏళ్లు నిల్వ ఉంటుంది. ఐదు కిలోలకు ఆరున్నర లీటర్ల బకెట్ తయారవుతుంది. పదిమంది కలిసి పనిచేసే చోట, శిక్షణ తరగతుల్లో దీన్ని మించింది లేదు. వంద మిల్లీలీటర్లు తూచితే 145 గ్రాముల చుట్టూ ఉండేలా చిక్కదనం సరిచేసుకుంటే, ఎవరు ముంచినా పూత దాదాపు ఒకేలా పడుతుంది. అడుగున గట్టిగా పేరుకుపోతుంటే నీళ్లలో కరిగించిన ఎప్సమ్ సాల్ట్ కొన్ని చుక్కలు చాలు. మామూలుగా ఇందులో జిగురు ఉండదు కాబట్టి కుంచెతో పూస్తే గీతలు పడతాయి. కలిపేటప్పుడు మాస్కు దీనికీ కావాలి.

తినే పాత్రల విషయంలో

ఇక్కడ ఏ దారికీ పూర్తి మార్కులు వెయ్యలేను. డబ్బా మీద భోజన పాత్రలకు పనికొస్తుందని రాసి ఉంటే, తయారీదారు చెప్పిన వేడికి, చెప్పిన మందంలో కాల్చినప్పుడే ఆ మాట చెల్లుతుంది. తక్కువ వేడికి కాల్చినా, రెండు గ్లేజులు ఒకదాని మీద ఒకటి పూసినా ఆ హామీ పోయినట్టే. సొంతంగా కలిపితే సీసం లేదని మీకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే మీరు వెయ్యలేదు. కానీ కాపర్ ఎక్కువ ఉన్న మసక గ్లేజు పులుపు తగిలితే లోహాన్ని వదలొచ్చు. కాల్చిన పలకను వెనిగర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, రంగు మారిందా అని చూడటం ఇంటి పరీక్ష. మారితే ఆ గ్లేజును తినే పాత్రలకు వాడొద్దు. మారకపోతే సురక్షితమని మాత్రం కాదు, దానికి ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. కప్పు లోపల, కంచం మీద నిగనిగలాడే మామూలు పారదర్శకమో తెలుపో వేసి, రంగుల సరదా బయటి వైపు తీర్చుకోవడం మేలు.

అందుకే నేనైతే ఇలా విడగొడతాను. ప్రతి కుండకూ పడే గ్లేజులు, అంటే లోపలి తెలుపు, ఒక పారదర్శకం, ఒక ముదురు రంగు, సొంతంగా కలిపిన బకెట్లలో ఉండాలి. ఎప్పుడో ఒకసారి వాడే ఎరుపు, నారింజ, అంచు గీతలు డబ్బాల్లో ఉండాలి. నెలకు రెండు మూడు కుండలు చేసేవాళ్లు బకెట్ల జోలికి పోనక్కర్లేదు. తరగతి నడిపేవాళ్లు పొడి సంచితో మొదలుపెట్టి, నిత్యం వాడే గ్లేజు ఏదో తేలాక దాన్ని ముడిసరుకుకు మార్చుకోవచ్చు.

ఈసారి కొట్టు నుంచి "ఈ పదార్థం ఇక రాదు" అని కబురొస్తే సంచులు సంచులు ఎగబడి కొనకండి. పాతదాంట్లో ఒక కిలో పక్కన పెట్టుకుని, సంచి మీది బ్యాచ్ నంబరు రాసి ఉంచుకోండి. కొత్తదానితో అదే గ్లేజు కలిపి, పాతది మొత్తం, నాలుగింట మూడొంతులు పాతది, సగం సగం, నాలుగింట ఒక వంతు పాతది, కొత్తది మొత్తం అని ఐదు పలకలు ఒకే కాల్పులో పెట్టండి. ఎక్కడ తేడా మొదలైందో చూస్తే, సిలికా కలపాలో ఫ్రిట్ తగ్గించాలో ఆ ఐదు పలకలే చెబుతాయి.