ట్రావెల్ ట్రెయిలర్‌కు కమాన్ల మరమ్మతు, ఎత్తు పెంపు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తలకోనకూ, మదనపల్లె దాటి హార్స్‌లీ హిల్స్‌కూ మేము జీపు వెనుక తగిలించి తీసుకువెళ్లే, లోపల బస చేసే వీలున్న రెండిరుసుల ట్రెయిలర్‌కు బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే గొట్టపు తొడుగులు), బోల్టులు, షాకిళ్లు (కమాన్ చివరను పట్టి ఊగే జంట పట్టీలు) మార్పించి, ఇరుసుల కింద ఉన్న కమాన్ కట్టలను పైకి ఎక్కించి కొన్నేళ్లయింది. ఇలాంటి బండి ఉన్నవారికి ముందుగా చెప్పవలసినది ఒకటుంది. అరుగుదల ఒక జబ్బు, ఎత్తు చాలకపోవడం మరొక జబ్బు. మొదటిది నయం చేయకుండా రెండోదానికి పూనుకుంటే వదులు అలాగే ఉండి, ఎత్తు పెరిగిన బండి ఇంకా ఎక్కువ ఊగుతుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పుగా, తక్కువ ఎత్తున గుండ్రంగా ఉండాలి. పల్లె దారుల్లో ఇరుకుగా, నిటారుగా పోసినవే ఎక్కువ కాబట్టి, మా ట్రెయిలర్ వెనుక ఉన్న మురుగునీటి పైపు ప్రతిసారీ గీసుకునేది. చక్రాల గూడు లోపల టైరు రాసుకున్న నల్లటి చార కూడా కనిపించింది. ఛాసిస్‌ను జాక్‌తో లేపి స్టాండ్ల మీద నిలిపి, షాకిల్ సందున గడ్డపార పెట్టి కదిపితే, బిగుతుగా ఉండవలసినది టకటకా ఆడింది. ఆటోనగర్‌లో విప్పించినప్పుడు అసలు సంగతి తెలిసింది. నైలాన్ బుష్‌లు పొడి అయిపోయి, ఇనుమూ ఇనుమూ రాసుకుని, బోల్టు నడుము కొరికిన చెరకు గడలా సన్నబడింది. షాకిల్ పట్టీల రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగాయి. రెండు ఇరుసుల మధ్య బరువును పంచే ఈక్వలైజర్ కూడా అరిగింది.

నైలాన్ స్థానంలో గన్‌మెటల్ బుష్‌లు, గ్రీజు ఎక్కించే నిప్పిల్ ఉన్న బోల్టులు, మందమైన షాకిల్ పట్టీలు వేయించాము. మొత్తం పనిలో నాకు పూర్తి తృప్తినిచ్చింది ఇదే. అయితే బోల్టులోని గ్రీజు రంధ్రం బరువు పడే వైపు కాకుండా పక్కకు తిరిగి ఉండాలి, లేకపోతే గ్రీజు లోపలికి పోదు. పళ్లున్న బోల్టును తలపట్టి తిప్పకూడదు, నట్టునే తిప్పి బిగించాలి. గ్రీజు కొట్టేటప్పుడు ఛాసిస్‌ను జాక్‌తో కొంచెం లేపి బరువు తగ్గిస్తే, పాత గ్రీజు మురికితో సహా అంచుల నుంచి బయటికి వస్తుంది. ఇన్నాళ్ల తర్వాత మళ్లీ గడ్డపారతో చూస్తే కదలిక దాదాపు లేదు.

ఇక ఎత్తు విషయం. కట్ట ఇరుసు కింద నుంచి పైకి మారితే, ఇరుసు గొట్టం వ్యాసం, కట్ట మందం, దాని కింది దిమ్మెల ఎత్తు కలిసి ఛాసిస్ నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ఇరుసు మాత్రం చక్రం మధ్యలోనే ఉంటుంది కాబట్టి అది పైకి రాదు. దాన్ని లేపాలంటే పెద్ద టైర్లు ఒక్కటే మార్గం. అయినా ఇంతకుముందు ఇరుసు కింద వేలాడిన కట్ట, దాన్ని ఇరుసుకు బిగించే యూ బోల్టు ప్లేటు పైకి పోవడంతో, రాళ్లకు తగిలే భాగం చాలా తగ్గింది. ఈ పనిలో మేస్త్రీని గట్టిగా అడగవలసినది ఇరుసును తలకిందులు చేయవద్దని. బరువు పడినప్పుడు చక్రాలు నిటారుగా నిలిచేలా ఇరుసుకు మధ్యలో పైకి కొద్దిపాటి వంపు ఉంటుంది. అది తిరగబడితే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. ఇరుసును ఉన్నట్టే ఉంచి, పైభాగాన కొత్త దిమ్మెలు వెల్డింగ్ చేయించాలి. ఆ సమయంలో కరెంటు బేరింగుల గుండా పోకుండా ఎర్త్ క్లాంపును వెల్డింగ్ పక్కనే పెట్టించాలి. యూ బోల్టులు కొత్తవే వేసి, మొదటి వంద కిలోమీటర్ల లోపే మళ్లీ బిగించాలి.

ఎత్తు పెరిగినంత మేర జీపు వెనుక ట్రెయిలర్‌ను తగిలించే హిచ్ బాల్‌ను కూడా పైకి జరిపించాము. ట్రెయిలర్ ముందుకో వెనక్కో వంగి ఉంటే ఒక ఇరుసు మీదే బరువు ఎక్కువ పడుతుంది. ఈ సర్దుబాటు తర్వాత టైర్లు సమంగా అరుగుతున్నాయి, పైపు గీసుకోవడం ఆగిపోయింది. లోపాలు లేకపోలేదు. తలుపు మెట్టు ఎత్తై మా అమ్మగారికి కష్టమైనందున అదనపు మెట్టు కట్టించాము. లారీ దాటి వెళ్లినప్పుడు గాలి తోపు మునుపటికంటే తెలుస్తుంది కనుక, ఘాట్‌లో వేగం తగ్గించే నడుపుతున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ బండి రూపురేఖలు మార్చడాన్ని పరిమితం చేస్తుంది కాబట్టి, ఛాసిస్ ముట్టుకునే ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. బుష్‌లు, బోల్టులు మార్చడం మాత్రం మామూలు మరమ్మతే. ఎత్తు పెంచే ఉద్దేశం లేనివారు కూడా నైలాన్ బుష్‌లు అరిగేదాకా ఆగకుండా ఆ పని చేయించుకోవచ్చు.