రౌటర్‌లో 2.4 పెట్టాలా, 5 పెట్టాలా?

రౌటర్ సెట్టింగుల్లో వైర్‌లెస్ పేజీ తెరవగానే రెండు బ్యాండ్లు, అంటే వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ పట్టీలు కనిపిస్తాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. వేగమే ముఖ్యమైతే 5 తీసుకోండి. పెద్ద ఫైళ్లు చకచకా దిగుతాయి. కానీ దానికి గోడలు పడవు. రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి.

2.4 నెమ్మదే అయినా దూరం పోతుంది. దాని అసలు బాధ రద్దీ. పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ అక్కడే. ఓవెన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒక్కోసారి ఫోన్లో వీడియో ఆగి ఆగి నడుస్తుంది, గమనించి చూడండి. అందుకే ఛానెల్‌ని, అంటే బ్యాండ్ లోపల రౌటర్ వాడే దారిని, ఆటోకి వదిలేయకుండా 1, 6, 11లో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఈ మూడూ ఒకదానిమీదొకటి పడవు. 3 పెడితే 1తోనూ, 6తోనూ గొడవే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 5లో అయితే 80 పెట్టుకోవచ్చు.

నా మటుకు రెండూ ఆన్‌లో ఉంచి, ఒక్కోదాని వైఫైకి వేర్వేరు పేర్లు పెడతాను. స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4నే పట్టుకుంటాయి, ఒకే పేరుంటే వాటిని కలపడానికి ఒక్కోసారి నానా తంటాలు పడాలి. ల్యాప్‌టాప్, టీవీ మాత్రం 5కే.