స్వోర్డ్ కోస్ట్ గైడ్, ఏడేళ్ల వాడకం తర్వాత

అట్ట మీద టీ గ్లాసు మరకలు, లోపల పెన్సిల్ రాతలు, సముద్రపు గాలికి ఉబ్బి అలలు తేలిన కాగితాలు. విశాఖలో నాలుగు వానాకాలాలు దాటిన ఏ పుస్తకమైనా ఇలాగే ఉంటుంది కాబట్టి ఆ తప్పు దాని మీద వేయను. ఎంవీపీ కాలనీలో మా డైనింగ్ టేబుల్ మీద ఏడేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. ఐదుగురు ఆడతారు, నేను నడుపుతాను. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు తెరిచిందీ, ఎక్కువసార్లు విసుక్కున్నదీ ఈ స్వోర్డ్ కోస్ట్ అడ్వెంచరర్స్ గైడ్‌నే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే కథ చెప్పుకుంటూ ఆడే ఆట: ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. ఆట నియమాలు వేరే పుస్తకాల్లో ఉంటాయి. ఇది ఒక ప్రాంతానికి గైడు: అక్కడ ఏ ఊళ్లున్నాయి, ఎవరు ఏలుతున్నారు, ఏ దేవుళ్లని కొలుస్తారు, ఏ దారి ఎటు పోతుంది. లోకం పేరు ఫర్గాటెన్ రెల్మ్స్. ఎడ్ గ్రీన్‌వుడ్ ఊహించిన లోకం, 1987లో మొదటి సెట్టుగా పెట్టెలో వచ్చింది. అందులోని పడమటి సముద్రతీరమే స్వోర్డ్ కోస్ట్. ఈ గైడు 2015 నవంబరులో వచ్చింది. 160 పేజీల లోపే, అప్పటి ధర 39.95 డాలర్లు. ఆ ధరకి ఇంత సన్నటి పుస్తకమా అని నేనూ అనుకున్నాను, ఇప్పటికీ కొంచెం అనుకుంటాను.

అసలు సరుకు రెండో అధ్యాయంలో ఉంది. ఊళ్ల వర్ణన రచయిత గొంతుతో కాకుండా ఆ లోకపు మనుషులే చెబుతున్నట్టు సాగుతుంది. మొదట్లో నాకు ఇది చిరాకు. ఆట మధ్యలో ఒక పేరు కావాలంటే ఎవరిదో కబుర్లలో వెతుక్కోవాలి, అవతల ఐదుగురు పకోడీలు తింటూ నా మొహమే చూస్తుంటారు. తర్వాత దాని లాభం తెలిసింది. చెప్పేది ఒక మనిషి కాబట్టి, ఆ మనిషికి తెలియనివీ ఉంటాయి, దాచేవీ ఉంటాయి. ఆటగాళ్లలో ఒకరు ముందే పుస్తకం చదివొచ్చి "అక్కడ అలా లేదు కదా" అంటే, "ఆయన అబద్ధం చెప్పాడు" అనేస్తాను. దానికి తిరుగులేదు.

వాటర్‌డీప్ మావాళ్లకి చాలా తొందరగా వంటబట్టింది. నగరాన్ని ఏలే ప్రభువులు ముసుగులేసుకుంటారు, మొహం చూపించేది ఒక్కరే. పక్కనే పెద్ద కొండ, దాని నీడలో రేవు. నేను పటం పరిచేలోపే "ఇది మన డాల్ఫిన్ నోసే" అని ఒకడు తేల్చేశాడు. కొండ మీద లైట్‌హౌస్ బదులు గ్రిఫిన్ల దళం ఉంటుంది, అంటే గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న వాహనాల మీద కాపలా. అంతే తేడా. ఆ రోజు నుంచి ఆ రేవులో ఎవరూ దారి తప్పలేదు.

లస్కన్ దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. ఉత్తరాన సముద్రపు దొంగలు ఏలే రేవు అది. ఐదుగురు హై కెప్టెన్లు, ఒక్కొక్కరి వెనక ఒక్కో ముఠా. ఆ ముఠాలనే షిప్పులంటారు. మొదటిసారి మావాళ్లు అక్కడ దిగినప్పుడు ఇదంతా పది నిమిషాలు ఉత్సాహంగా వినిపించాను. మా బృందంలో ఒకడిది ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ వ్యాపారం. అంతా విని అడిగాడు: "అదంతా సరే గురూ, దొంగలకైనా ఆకలేస్తాది కదా. చేపలు ఎవులు పడతారు? ఎవులు అమ్ముతారు?"

పుస్తకం తిరగేశాను. నాకు కావలసింది దొరకలేదు. ఆ వారమే తెల్లారుజామున వాడితో కలిసి హార్బర్‌కి వెళ్లాను. మరబోట్లు జెట్టీకి చేరుతున్నాయి, వంజరం ఒక రాశి, చందువలు ఒక రాశి, మధ్యలో వేలంపాట. పాట పెట్టేవాడు గొంతు చించుకుంటుంటే కొనేవాళ్లు మాత్రం ఊరికే తలాడిస్తున్నారు. గంప నెత్తికెత్తుకుని ఆటో వైపు నడుస్తున్న ఒకామె, పాట అయిపోయాక కూడా పది రూపాయలు తగ్గించమని వెనక్కి తిరిగి మరీ అరుస్తోంది. నోటుబుక్కు తీసి మూడు పేజీలు రాసుకున్నాను.

అక్కడే ఇంకో సంగతి తట్టింది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు రేవులో కట్టేసి ఉంటాయి, కళాసీలు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, చేతిలో డబ్బాడదు. దాన్నే లస్కన్‌లో పెట్టాను. ఒక కెప్టెన్ ఏదో శాపం వంక చెప్పి రెండు నెలలు వేట ఆపించాడు. పనిలేని కళాసీలకి ముందే జీతాలిచ్చి తన షిప్పులోకి లాక్కుంటున్నాడు. మిగతా నలుగురూ ఊరుకుంటారా? ఆ కథ పదకొండు ఆదివారాలు నడిచింది. గైడు రాసినవాళ్లు తగువులు పెట్టడంలో దిట్టలు, పొయ్యి మీద ఏముందో పెద్దగా పట్టించుకోరు. పొయ్యి మనం వెలిగిస్తే వాళ్ల తగువులు బాగా మండుతాయి.

నెవర్‌వింటర్ విషయంలో అంత కష్టపడలేదు. అగ్నిపర్వతం పేలి సగం కూలి, మళ్లీ కట్టుకుంటున్న నగరం. మా టేబుల్ దగ్గర అందరూ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లే. నగరంలోకి అడుగుపెట్టగానే వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, పాలు ఎంతకి అమ్ముతున్నారని.

ఇక చలి. పుస్తకంలోని ఉత్తరం మంచుదేశం. మాకు చలంటే లంబసింగి, అదీ డిసెంబరులో ఒక రాత్రి. మంచులో వారాల తరబడి నడిచే కష్టం ఈ గైడు చదివి నేను పలికించలేకపోయాను. ఆ ఎపిసోడ్ చప్పగా పోయింది.

వెనక భాగమంతా పాత్రలకి కొత్త ఎంపికలు. ఇది పాతబడింది. మేమందరం ఎగబడిన బ్లేడ్‌సింగర్ (కత్తి తిప్పే మాంత్రికుడు), బూమింగ్ బ్లేడ్ మంత్రం 2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే పుస్తకంలో మార్పులతో మళ్లీ వచ్చాయి. ఇక్కడ బ్లేడ్‌సింగర్ ఎల్ఫ్ జాతివాళ్లకీ, సగం ఎల్ఫులకీ మాత్రమే, అక్కడ ఆ షరతు ఎత్తేశారు. పర్పుల్ డ్రాగన్ నైట్ అనే యోధుడి రకాన్ని ఏడేళ్లలో ఒక్కరూ ముట్టుకోలేదు. 2024లో మూల నియమాలే మారాయి. బ్యాక్‌గ్రౌండ్లు, అంటే పాత్రల పూర్వజీవితాలు, మాత్రం ఇంకా పనికొస్తాయి, ముఖ్యంగా సిటీ వాచ్. మా ఆట పాత్రల్లో రిటైరైన నగర కాపలాదారుడు ఒకడున్నాడు, పెన్షన్ కోసం వాటర్‌డీప్ ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు.

పోలికకి ఒకటి చెబుతాను. 2022లో వచ్చిన జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అనే పుస్తకంలో ఆడించడానికి 13 కథలున్నాయి, వాటితోపాటు ఆయా ప్రాంతాల గురించి చిన్న పరిచయాలు. బెంగాల్ ఛాయలున్న శంఖభూమి పరిచయం కొద్ది పేజీలే గానీ, ఆ వారమే ఆడించగలిగాను. స్వోర్డ్ కోస్ట్ గైడుతో అలా కుదరదు, ముందు నానబెట్టాలి. కానీ ఆ చిన్న పరిచయం మూడు ఆదివారాల్లో అయిపోయింది, ఇది ఏడేళ్లయినా ఒడవలేదు.

2023లో బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ వచ్చాక కొత్త పిల్లలు ఇద్దరు మాతో చేరారు, అదే తీరం కాబట్టి. వాళ్లకి చెప్పింది ఒకటే: కొనకండి, నాది తీసుకెళ్లి రెండో అధ్యాయం చదవండి. నియమాల కోసమైతే అసలే వద్దు. ఆట నడిపే ఉద్దేశం ఉంటే మాత్రం సొంత కాపీ ఉండాలి, పెన్సిల్‌తో రాసుకోవాలి కాబట్టి.

పోయిన నెల ఐస్ వ్యాపారి తనూ ఒక ఆట నడుపుతానని పుస్తకం పట్టుకెళ్లాడు. రాత్రి ఫోన్ చేసి, లస్కన్ పేజీలో నా రాతలు చెరపనా అన్నాడు. వద్దన్నాను. "ఉంచుతాన్లే గానీ ధరలు మారుస్తాను. వంజరం మరీ అంత చవగ్గా రాసీసేవేటి గురూ" అన్నాడు.