శ్రీకాళహస్తి కలంకారీనా, మచిలీపట్నం అద్దకమా?

చెన్నైలో మా హాలు గోడకి కలంకారీ కొనాలని నెలరోజులుగా చూస్తున్నాం. అత్తయ్యకి మచిలీపట్నం పనే ఇష్టం. నా మనసు శ్రీకాళహస్తి మీద.

నలుపు రెండిట్లోనూ ఒక్కటే: పాత ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి తీసింది. బట్టకి ముందు కరక్కాయ పట్టిస్తారు కాబట్టి ఆ నలుపు గట్టిగా పట్టుకుంటుంది.

మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. తీగలు, పూలు, పర్షియన్ పోకడలు. చీరలకి, దుప్పట్లకి అదే బాగుంటుంది, ధరా తక్కువ.

శ్రీకాళహస్తిలో మాత్రం అచ్చు ఉండదు. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి, దారం కట్టి, రంగులో ముంచి చేత్తోనే గీస్తారు. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది. నాకు ఆ వణుకే ప్రాణం. ఈ పనికే జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పాతకాలపు తెరల్లో రామాయణ ఘట్టాల కింద తెలుగులో కథ కూడా రాసేవారు. బడిలో తమిళం చదివే మా పిల్లలు గోడ మీద ఆ అక్షరాలు కూడబలుక్కుంటే చాలు నాకు.

అందుకే గోడకి శ్రీకాళహస్తి, అత్తయ్యకి పెడన చీర.