షిర్డీ దారిలో ద్రాక్ష తోటలు

హైదరాబాద్ నుంచి షిర్డీ, త్ర్యంబకేశ్వరం వెళ్లేవారిలో చాలామంది నాసిక్‌లో టీ తాగి కదిలిపోతారు. మేము తోటల కోసమే ఆగాం. వైన్ రుచి చూడమని అందరూ చెప్పి పంపారు. నన్నడిగితే, గ్లాసు సంగతి తర్వాత, కోతల కాలంలో తోట చూడాలి.

దేవగిరి ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని తెల్లవారకముందే నాసిక్ రోడ్డులో దింపింది. స్టేషన్ నుంచి ఊరు దూరం, ఆ వేళ ఆటో బేరం మన ఓపికకు పరీక్ష. తోటల మధ్య ఉన్న రిసార్టుల్లో శని, ఆదివారాల అద్దెలు వింటే గుండె గుభేలుమంది. పైగా ముంబై, పుణె జనం, రాత్రంతా పాటలు. ఊళ్లో మామూలు లాడ్జిలో దిగి కారు మాట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి; సాయంత్రం అక్కడ బండి దొరకడం కష్టం. రుచి చూసినవారు ఎలాగూ స్టీరింగు పట్టకూడదు.

గంగాపూర్ జలాశయం పక్కన వరుసలు తీరిన తీగలు. అక్కడ నిలిచిన నీళ్లు మన బాసరకు, భద్రాచలానికి వచ్చే గోదావరివే. ఈ నేల సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. పగటి ఎండ కాయకు తీపినిస్తే, చలికాలపు రాత్రులు పులుపు పోకుండా కాపాడతాయి. చలిదేశాల్లోలా ఇక్కడ తీగ మంచులో నిద్రపోదు. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెళ్లాక అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరిస్తారు. కత్తిరింపులు రెండు, పంట మాత్రం ఒక్కటే. కోతలు జనవరి నుంచి మార్చి వరకు.

తినడానికి వాడే గింజలేని థామ్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష రాజ్యమేలిన ఈ ప్రాంతంలో అమెరికా ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ 1990ల చివర్లో సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ద్రాక్ష రకాలు నాటించారు. ఆయన పెట్టిన సూలా కంపెనీ తొలి వైన్ 2000లో వచ్చింది. నాసిక్ వ్యాలీ వైన్‌కు భౌగోళిక గుర్తింపూ ఉంది.

వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, లోపల గింజలు. పళ్లెంలో పెడితే మన ఇంట్లో ఎవరూ ముట్టరు. ఎర్ర వైన్‌కు రంగు ఆ తోలు నుంచే వస్తుంది. రసాన్ని తోలుతోనే పులియబెడతారు. మేము వెళ్లిన చోట ఇదంతా చెప్పిన కుర్రాడు పాఠం అప్పజెప్పినట్టు పరుగెత్తాడు. తోటలో పనిచేస్తున్న ఒక పెద్దాయన్ని అడిగితేనే కత్తిరింపు సంగతి అర్థమైంది. షెనిన్ బ్లాంక్ నచ్చింది. ఎర్రవాటికి పెట్టిన డబ్బు దండగ అనిపించింది. ఊళ్లో తిన్న మిసళ్ పావ్ మాత్రం మళ్లీ తినాలనిపించేలా ఉంది.

నిజానికి ద్రాక్ష మనకు కొత్త కాదు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్‌షాహీ తోటలు విరివిగా ఉండేవి: పెద్ద కాయ, లేత పసుపు రంగు, లోపల గింజ. గింజలేని రకాలు మార్కెట్టును, ప్లాట్లు పొలాలను మింగాక అవి తగ్గిపోయాయి. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం మిగిలింది. ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో అక్కడ మనమే గుత్తులు కోసుకుని తూకానికి కొనుక్కోవచ్చు. పిల్లలున్నవారికి నాసిక్ కంటే అదే మేలు. ఎండెక్కకముందే వెళ్లండి, సంచి మీరే తీసుకెళ్లండి.