ప్రాక్స్‌మాక్స్ ఈఎస్‌ఎక్స్‌ఐ ఇంపోర్ట్ విజార్డ్: డిస్కులు దాటిస్తుంది, బూట్ అయ్యే పూచీ మాత్రం మనదే

2023 నవంబరులో, వర్చువల్ యంత్రాల (వీఎమ్‌ల) సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. అప్పటినుంచి కొత్త సర్వర్లు, కొత్త స్టోరేజీ కొనేవాళ్లలో చాలామంది పనిలో పనిగా హైపర్‌వైజర్‌నీ (వీఎమ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్‌నీ) మార్చేస్తున్నారు. వాళ్లకోసమే అన్నట్టు 2024 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ వీఈ 8.2లో వీఎంవేర్ హైపర్‌వైజరైన ఈఎస్‌ఎక్స్‌ఐ నుంచి వీఎమ్‌లను తెచ్చుకునే ఈ ఇంపోర్ట్ విజార్డ్ చేరింది. డిస్కులు కాపీ చేయడంలో దీనికి వంక పెట్టక్కర్లేదు. చిక్కంతా వీఎమ్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే.

సెటప్ ఐదు నిమిషాల పని. డేటాసెంటర్ కింద స్టోరేజ్, అందులో యాడ్, అందులో ఈఎస్‌ఎక్స్‌ఐ. హోస్ట్ ఐపీ, రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి, సొంతంగా సంతకం చేసుకున్న సర్టిఫికెట్ అయితే వెరిఫికేషన్ వద్దని టిక్ పెడితే వీఎమ్‌ల జాబితా వచ్చేస్తుంది. ఇక్కడ వీసెంటర్ (హోస్టులన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే వీఎంవేర్ సర్వర్) చిరునామా కూడా ఇవ్వొచ్చు, కానీ ఇవ్వకండి. ఆ దారిలో వేగం బాగా పడిపోతుంది. ప్రతి హోస్ట్‌నీ విడిగా కలపడమే మేలు.

వేగం లెక్క ముందే వేసుకోవాలి. 1 గిగాబిట్ లింకు మీద సెకనుకు దాదాపు 110 మెగాబైట్లు వస్తాయి, అంటే 1 టెరాబైట్‌కి రెండున్నర గంటలు. 10 గిగాబిట్ ఉంటే అంతా హాయే అనుకోవద్దు. ఈఎస్‌ఎక్స్‌ఐ ఏపీఐ తనంతట తానే అభ్యర్థనలకు కళ్లెం వేస్తుంది. ఒకేసారి నాలుగుకి మించి ఇంపోర్టులు పెడితే మొత్తం నత్తనడక. వీఎమ్‌కి పాత స్నాప్‌షాట్లు (ఒకనాటి స్థితిని దాచిన నకళ్లు) ఉన్నా అంతే, వాటిని ముందే కన్సాలిడేట్ చేసేయాలి, అంటే అసలు డిస్కులో కలిపేయాలి. వీశాన్ (హోస్టుల డిస్కుల్ని కలిపి వాడే వీఎంవేర్ స్టోరేజీ) మీద ఉన్న డిస్కుల్ని ఇది అసలు తేలేదు. ముందు వాటిని మామూలు డేటాస్టోర్‌లోకి మార్చుకోవాలి.

లైవ్ ఇంపోర్ట్ అని ఒక టిక్ ఉంది. కాపీ సాగుతుండగానే వీఎమ్ కొత్త చోట లేచి కూర్చుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మధ్యలో నెట్‌వర్క్ తెగితే, లేచిన దగ్గర్నుంచి రాసిన డేటా అంతా గంగపాలే. డేటాబేస్ సర్వర్‌కి దీన్ని వాడటం సాహసం కాదు, తొందరపాటు.

ఇక విండోస్. బూట్ డిస్కుని నేరుగా వర్ట్‌ఐవో స్కజీ (ప్రాక్స్‌మాక్స్ వీఎమ్‌లకిచ్చే వేగమైన వర్చువల్ డిస్కు కంట్రోలర్) మీద పెట్టి స్టార్ట్ చేస్తే బూట్ డివైస్ అందట్లేదంటూ నీలితెర వస్తుంది. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి ఉన్నా రావచ్చు. ఆ కంట్రోలర్ మీద ఒక్క డిస్కయినా కనపడేదాకా విండోస్ ఆ డ్రైవర్‌ని బూట్ సమయంలో లోడ్ చేయదు. అందుకే విజార్డ్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో వర్ట్‌ఐవో స్కజీకి సిద్ధం చేసే టిక్ పెట్టాలి. డిస్కు శాటా మీద వస్తుంది, వీఎమ్ మామూలుగా బూట్ అవుతుంది. వర్ట్‌ఐవో ఐఎస్‌వో నుంచి డ్రైవర్లు వేసి, స్కజీ బస్ మీద 1 జీబీ ఉత్తుత్తి డిస్కు ఒకటి తగిలించి, డివైస్ మేనేజర్‌లో అది కనపడిందో లేదో చూడండి. కనపడ్డాక షట్‌డౌన్ చేసి, శాటా డిస్కుని డిటాచ్ చేసి, అన్‌యూజ్డ్ వరసలో చేరిన దాన్నే స్కజీగా మళ్లీ తగిలించాలి. చాలామంది మరిచిపోయేది చివరి మెట్టు, బూట్ ఆర్డర్‌లో కొత్త డిస్కుకి టిక్ పెట్టడం. ఉత్తుత్తి డిస్కు పని అక్కడితో సరి, తీసేయొచ్చు. సర్వర్ ఎడిషన్లలో డేటా డిస్కులు ఆఫ్‌లైన్‌లో ఉండిపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ చేయాలి.

వీఎమ్ లోపల వేసుకున్న వీఎంవేర్ టూల్స్ డ్రైవర్ల ప్యాకేజీని పాత హోస్ట్ మీద ఉండగానే తీసేయండి. ఇవతలికి వచ్చాక దాని అన్‌ఇన్‌స్టాలర్ తనది వీఎంవేర్ యంత్రం కాదని మొండికేస్తుంది. స్టాటిక్ ఐపీ వివరాలూ ముందే రాసిపెట్టుకోవాలి. పాత నెట్‌వర్క్ కార్డు దాక్కున్న డివైస్‌గా మిగిలి, ఆ ఐపీని పట్టుకుని వదలదు. పోర్ట్ గ్రూప్‌లోని (ఈఎస్‌ఎక్స్‌ఐ నెట్‌వర్క్ అమరికలోని) వీల్యాన్ నంబరు విజార్డ్‌తో రాదు, చేత్తో వేయాలి.

లినక్స్‌లో గొడవ తక్కువే, రెండు చోట్ల తప్ప. ఇంటర్‌ఫేస్ పేరు మారిపోతుంది, ఈఎన్‌ఎస్192 కాస్తా ఈఎన్‌ఎస్18 అవుతుంది, నెట్‌వర్క్ లేవదు. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇనిట్ర్యామ్ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఇమేజ్) పాత హార్డ్‌వేర్‌కి సరిపడా డ్రైవర్లతోనే తయారై ఉంటుంది కాబట్టి రూట్ డిస్కు దొరక్క డ్రాకట్ అత్యవసర షెల్‌లో ఆగిపోతుంది. తరలింపుకి ముందే ఆ ఇమేజ్ కట్టే డ్రాకట్‌ని హోస్ట్‌ఓన్లీ (ఈ యంత్రానికి కావలసిన డ్రైవర్లే వేసే పద్ధతి) లేకుండా నడిపి ఇమేజ్ మళ్లీ కట్టుకుంటే ఆ బాధ ఉండదు.

స్టోరేజీ వైపు విజార్డ్ ఏమీ హెచ్చరించదు, ఇది దాని పెద్ద లోటు. ఐస్కజీ లేదా ఫైబర్ ఛానల్ లన్ (నెట్‌వర్క్ స్టోరేజీ ఇచ్చే డిస్కు ముక్క) మీద మామూలు ఎల్‌వీఎమ్ (లినక్స్ డిస్కు విభజన పద్ధతి) పెడితే, పాతచోట 120 జీబీ మాత్రమే వాడిన 500 జీబీ థిన్ డిస్కు (వాడినంతే జాగా తీసుకునేది) ఇక్కడ పూర్తి 500 ఆక్రమిస్తుంది. కెపాసిటీ లెక్క థిన్ సైజుతో వేసినవాళ్లు సగం దారిలో ఇరుక్కుంటారు. థిన్ స్టోరేజీ అయితే డిస్కుకి డిస్కార్డ్ టిక్ పెట్టి, లినక్స్ వీఎమ్ లోపల ఎఫ్‌ఎస్‌ట్రిమ్ ఆదేశం ఒకసారి నడిపితే ఖాళీ జాగా వెనక్కొస్తుంది. మల్టీపాత్ (లన్‌కి వెళ్లే పలు దారుల్ని ఒకటిగా చూపేది) అమర్చకుండా లన్ మీద ఎల్‌వీఎమ్ కట్టడం మాత్రం అస్సలు వద్దు. ఒకే డిస్కు రెండు పేర్లతో కనపడి డూప్లికేట్ పీవీ (ఎల్‌వీఎమ్ గుర్తించే డిస్కు) గోల మొదలవుతుంది.

చాలా టెరాబైట్ల వీఎమ్‌కి, ఆగే సమయం నిమిషాల్లో ఉండాలంటే విజార్డ్ కంటే పాత పద్ధతే నయం. రెండు వైపులా కనపడే ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ ఒకటి పెట్టి, డిస్కుని స్టోరేజ్ వీమోషన్‌తో (వీఎమ్ నడుస్తుండగానే డిస్కు మార్చే వీఎంవేర్ సదుపాయం) అక్కడికి తరలించి, ప్రాక్స్‌మాక్స్‌లో ఆ వీఎమ్‌డీకే (వీఎంవేర్ డిస్కు ఫైలు) మీదే వీఎమ్ లేపి, నడుస్తుండగానే మూవ్ డిస్క్‌తో అసలు స్టోరేజీకి మార్చుకోవచ్చు.

వీటీపీఎమ్ (ఎన్‌క్రిప్షన్ కీలు దాచే వర్చువల్ చిప్) ఉన్న వీఎమ్‌లతో ఒక జాగ్రత్త. దాని స్థితి ఇటు రాదు. విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షనైన బిట్‌లాకర్ ముందే సస్పెండ్ చేయాలి, రికవరీ కీ వీఎమ్ బయట ఎక్కడో దగ్గర పెట్టుకోవాలి. పాత వీఎమ్‌ని వెంటనే డిలీట్ చేయకుండా, నెట్‌వర్క్ కార్డు కనెక్షన్ తీసేసి, ఆటోస్టార్ట్ ఆపి, కొత్తచోట తొలి బ్యాకప్ తీసి, దాన్ని రీస్టోర్ చేసి చూసేదాకా అక్కడే ఉంచండి.