శంషాబాద్ నుంచి డాలస్: మూడు ప్రయాణాల లెక్క

మా అమ్మాయి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో కాపురం పెట్టాక డాలస్‌కి మూడుసార్లు వెళ్ళొచ్చాం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, మధ్యలో ఎక్కడో దిగి మారాల్సిందే.

మొదటిసారి వెళ్ళేముందు మా మనవడి గ్లోబు మీద దారం లాగి చూశాను. దారి లండన్ మీదుగా పోతుందనుకున్నా. తీరా చూస్తే దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది! మనమూ డాలస్ వాళ్ళూ భూమికి దాదాపు చెరోవైపున ఉన్నాం మరి. ఆ లెక్కన దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌లో మారితే 2,550, ఆపైన 12,900. చుట్టుతిరుగుడనుకున్నది వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ.

టికెట్ మీద టైము చూసి మోసపోకండి. అందులో వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడున్నర, డాలస్‌కి పదహారు... మొత్తం 23న్నర. టికెట్ మీద చేరే టైములోంచి బయల్దేరే టైము తీసేసి చూస్తే పదమూడే కనిపిస్తుంది, ఎండాకాలంలో మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా కాబట్టి. చలికాలంలో పదకొండున్నర. వచ్చేటప్పుడు పైగాలి వెనకనుంచి తోస్తుంది, గంటకు పైనే కలిసొస్తుంది.

మొదటిసారి వేరే ఊళ్ళో మారాం, మధ్యలో గంటన్నర. వీల్‌చెయిర్ ముందే రాయించినా దిగేసరికి ఎవరూ లేరు. మోకాళ్ళ నొప్పితో మా ఆవిడ ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో గోడనూ పట్టుకుని నడిచింది. విమానమైతే అందింది గానీ పెట్టెలు రెండు రోజులకు వచ్చాయి. ఆ కంపెనీ పేరెందుకులెండి. రెండోసారి చవకని పదకొండు గంటల ఆగుడు తీసుకున్నాం. మిగిలింది కాస్తా తిండికీ, విమానాశ్రయం లోపలి గదికీ సరిపోయింది. మూడోసారి దుబాయ్‌లో మూడున్నర గంటలు. ముఖం కడుక్కుని, కాళ్ళు చాపుకుని, తెచ్చుకున్న పులిహోర తిని తీరిగ్గా గేటు దగ్గరికి చేరాం. బయటికి వెళ్ళకపోతే అక్కడ వీసా అక్కర్లేదు.

అసలు పరీక్ష ఆ పదహారు గంటలు. కిటికీ సీటు వద్దు, నడవ పక్కన అటొకటి ఇటొకటి తీసుకోండి, లేవడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. శాకాహారులైతే ‘హిందూ భోజనం’ అని పెట్టకండి, అందులో కోడిమాంసం రావచ్చు. మా ఆవిడ మూత తీసి, మళ్ళీ పెట్టేసి, నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. ‘ఏషియన్ వెజిటేరియన్’ అని పెట్టాలి.

మేలో మళ్ళీ వెళ్ళాలి. దోహా మీదుగా చవగ్గా ఉంది నాన్నా, అంటోంది అమ్మాయి. మధ్యలో ఎంతసేపన్నాను. గంటా ఇరవై. వద్దన్నాను.